దత్తు చదివిన ఏడాదిన్నర

పదిన్నరకు వస్తానన్నాడు దత్తు. తొమ్మిదిన్నరకే వచ్చి నారాయణఖేడ్ బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు సిద్ధేశ్వర్. గంట ముందు రావలసిన పనేమీ లేదు, ఇంట్లో ఉండబుద్ధి కాక వచ్చాడు. నిన్న సాయంత్రం ఫోన్‌లో దత్తు గొంతు పెళ్లిపిలుపు చెప్పినంత సంబరంగా ఉంది. "సిద్దూ, మా అంకితకు సీటొచ్చిందిరా, మన యూనివర్సిటీల్నే. రేపు పోతుంది. నువ్వు జర బస్టాండుకు వచ్చి నాలుగు మాటలు చెప్పు దానికి. నేనైతే సగంల ఇడిసిపెట్టి వచ్చినోణ్ని. నువ్వు పూర్తిగ సదివినోనివి, ఆడ ఎట్లుండాల్నో, ఏమేం జేసుకోవాల్నో నీకే ఎర్క." సరే వస్తానన్నాడు. ఎవరు ఫోనులో అని భార్య సుమిత్ర అడిగితే క్లాస్‌మేట్ అన్నాడు. నిజానికి క్లాస్‌మేట్ కాదు, దత్తుది చరిత్ర, తనది అర్థశాస్త్రం. ఒకే గదిలో ఏడాదిన్నర ఉన్నవాడు. రూమ్మేట్ అనే మాట గొంతు దాకా వచ్చి ఎందుకు ఆగిపోయిందో అతనికి తెలుసు. సగంలో ఇడిసిపెట్టి వచ్చినోణ్ని అంటున్నాడు దత్తు, ఇరవై ఆరేళ్లుగా అందరికీ అదే చెప్పుకుంటున్నాడు. వదిలిపెట్టి రాలేదు వాడు. వాడి చేత వదిలిపెట్టించారు. వదిలిపెట్టించింది ఎవరో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరిలో ఒకాయన పోయి పన్నెండేళ్లయింది.

తెల్లవారుజామున పడిన వాన ఇంకా ఆవరణలో గుంటల్లో నిలిచి ఉంది. బీదర్ బస్సు వాటిల్లోంచి దూసుకొచ్చి ఆగితే జనం చీరలు, పంచెలు ఎత్తుకుని తప్పుకున్నారు. కన్నడం, తెలుగు, ఉర్దూ కలగలిసిపోయి ఏది ఎవరి మాటో తెలియని అరుపులు. బస్సు దిగుతున్న వాళ్లలో తెల్ల రుమాలు చుట్టుకున్న ముసలాయన ఒకరు మెట్టు మీద నిలబడి కింద నీళ్లున్నాయా, నేల ఉందా అని కాలితో వెతుకుతున్నాడు. దత్తు నాన్నే అనుకున్నాడు సిద్ధేశ్వర్. వీరప్ప. కాదు, వీరప్ప కాదు, ఎలా అవుతాడు. కానీ రుమాలు కట్టిన ప్రతి ముసలాయనవీ అతను ముందు పాదాలు చూసి, తర్వాతే మొహం చూస్తాడు. వీరప్ప పాదాలు అతనికి మొహం కంటే బాగా గుర్తు. ఆ రోజు హాస్టల్ గదిలో మంచం మీద కూర్చోమంటే కూర్చోకుండా నేల మీదే గోడకానుకుని కాళ్లు చాపుకున్నాడు కదా, మడమల పగుళ్లలో ఎర్రమన్ను, కుడి బొటనవేలికి గోరు లేదు, ఆ వేలి వైపే చూస్తూ తను ఆ మాట అన్నాడు. మొహం వైపు చూసి ఉంటే అనగలిగేవాడు కాదేమో.

అంకితకు ఏం చెప్పాలి? జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాడు, ప్రతి ఏడూ వీడ్కోలు సభలో మైకు పట్టుకుని విద్యార్థి జీవితం బంగారు కాలం, దాన్ని వృథా చేసుకోకండి అంటాడు, పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ మాటలు ఈ పిల్లకు చెప్పలేడు, దత్తు పక్కనే నిలబడి వింటుండగా అసలే చెప్పలేడు. మరి తన దగ్గరున్నదేమిటి? ఎమ్మే, ఎంఫిల్, పోటీ పరీక్షలు కలిపి అక్కడ ఐదేళ్లున్నాడు. తడిమి చూస్తే చేతికి తగిలేది రీడింగు హాల్లో మూడో కిటికీ పక్క బల్ల, దాని ఊగే కాలికి తను మడిచి పెట్టిన కాగితం, గది నుంచి మెస్‌కు, మెస్ నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి గదికి ఒక తోవ. నిజాం కాలం నాటి ఆ రాతి భవనం ముందు నుంచి ఐదేళ్లు రోజుకు నాలుగుసార్లు నడిచాడు, ఒక్కసారైనా తలెత్తి చూడలేదు. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఫొటోలు దిగేవాళ్లు. వాళ్లు అడ్డం వస్తున్నారని విసుక్కునేవాడు. ఉద్యోగం రావాలి, రాకపోతే మళ్లీ ఊరే, నాన్న చన్నబసప్ప కిరాణా కొట్లో బెల్లం తూయడమే, ఆ భయం మెడ మీద కూర్చుని తల వంచి పెట్టింది. ఉద్యోగం వచ్చింది. తల మాత్రం అలా వంగే ఉండిపోయింది.

వంగనిది దత్తు తల. నాగల్‌గిద్ద నుంచి ఒక రేకు పెట్టె, ఒక దుప్పటి పట్టుకుని వచ్చాడు, తనకంటే బీదవాడు, భయపడాలంటే తనకంటే వాడే ఎక్కువ భయపడాలి. వచ్చిన మూడోనాడు తెల్లవారకముందే లేపాడు, "లేరా సిద్దూ, ఎండ రాయి మీదికి దిగేది చూద్దాం రా." తను దుప్పటి ముసుగు తన్నాడు. వాడొక్కడే పోయి మెట్ల మీద కూర్చుని, బూడిద రంగు రాయి మొదట గులాబీ రంగై, తర్వాత పచ్చి పసుపై, తర్వాత మామూలు రాయి అయిపోయిందని వచ్చి చెప్పాడు. తనది కాని క్లాసుల్లో కూర్చునేవాడు. భూగర్భశాస్త్రం క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని మా ఊరి మన్ను ఎర్రగ ఎందుకుంటది సార్ అని అడిగితే ఆ సారు నువ్వు ఏ గ్రూపు అని కూడా అడగకుండా గంటసేపు చెప్పాడట. లైబ్రరీలో ఎవరూ ముట్టని పుస్తకాలు వెతికి తెచ్చుకునేవాడు, ముప్పై ఏళ్లుగా ఒక్కరూ తీసుకోని పుస్తకం, పాపం ఎదురు చూస్తుండెరా అనేవాడు. మెస్‌లో వంట చేసే యోసేపు పేరు ఆ హాస్టల్లో ఎవరికీ తెలియదు, అందరూ వంటాయనా అనేవారు. దత్తు ఆయన పేరు, ఊరు, ఆయన పాడే కీర్తనలు, ఆయన బిడ్డ పేరు జీవిత అని, అన్నీ తెలుసుకుని, క్రిస్మస్‌కు వాళ్లింటికి పోయి తిని వచ్చాడు. వక్తృత్వ పోటీలో వాడి మాట విని మొదట హాలంతా నవ్వింది, కన్నడ యాస, సరిహద్దు మాట. వాడూ నవ్వాడు. "నవ్వుండ్రి, నవ్వినంక ఇనుండ్రి" అన్నాడు, విన్నారు. ప్రతిసారీ తనను పిలిచేవాడు. రారా సిద్దూ. తనది ప్రతిసారీ ఒకటే జవాబు, చదువుకోవాల్రా. చివరికి పిలవడం మానేస్తాడేమో అనుకున్నాడు. మానలేదు. అదే భరించలేకపోయాడు.

కంగ్టి బస్సు, కంగ్టి బస్సు అని ఎవరో అరిచారు. వాచీ చూసుకున్నాడు, పది దాటింది. చాయ్ తెప్పించుకుని తాగడం మరిచిపోయాడు, మీద మీగడ కట్టింది. ఆ వారం కూడా ఇలాగే వాన. వరండాలో ఒక ప్రొఫెసరు ఎదురయ్యాడు, తన డిపార్ట్‌మెంటే, రెండు సెమిస్టర్లు ఆయన క్లాసులో ముందు వరసలో కూర్చున్నాడు, ప్రతి పరీక్షలో ఆయన చేతనే మంచి మార్కులు వేయించుకున్నాడు. ఆయన ఆగి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఎక్కడో చూసిన మొహమే అన్నట్టు చూసి, "నువ్వు దత్తు రూమ్మేట్‌వి కదూ?" అన్నాడు. అంతే. ఆయన అందులో తప్పేమీ అనలేదు. వెళ్లిపోయాడు. సిద్ధేశ్వర్ ఆ వరండాలో చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత నాలుగో రోజు మధ్యాహ్నం, దత్తు నాటకం రిహార్సల్‌కు పోయి ఉండగా, తలుపు దగ్గర చప్పుడైతే చూశాడు. జొన్నరొట్టెల మూట చంకన పెట్టుకుని, వానకు తడిసిన రుమాలుతో వీరప్ప.

ఆయన ముందు గదంతా చూశాడు, రెండు మంచాలు, రెండు బల్లలు. దత్తు బల్ల మీద కాగితపు కిరీటం ఉంది, నాటకంలో వాడు ముసలి రాజు. ఆ కిరీటాన్ని చేత్తో తాకి మళ్లీ అక్కడే పెట్టి, నేల మీద కూర్చున్నాడు. "బిడ్డా, నాకు అచ్చరం రాదు. ఉత్తరంల అంత మంచిగనే అని రాస్తడు వాడు. గని నీ మొకం జూసి అడుగుతున్న. మావోడు సదువుతుండా?" అబద్ధం చెప్పాలని అనుకోలేదు సిద్ధేశ్వర్. ఇప్పటికీ ఆ క్షణాన్ని తిప్పి తిప్పి చూస్తాడు, అనుకున్నానా, అనుకోలేదా. అంతకుముందు ఒకరోజు నాటకం రిహార్సల్ ఉండి దత్తు ఒక ఇంటర్నల్ పరీక్ష రాయలేదు. ఒకే ఒక్కటి. మళ్లీ రాసుకోనిస్తామన్నారు కూడా. తను ఆ గోరు లేని వేలు వైపు చూస్తూ, "ఏం సదువు కాకా. దినమంత నాటకాలు, పాటలు. పరీక్షలు రాస్తలేడు" అన్నాడు. పరీక్ష అనవలసిన చోట పరీక్షలు. తప్పు అంతా కలిపి ఒక్క అక్షరం, రాస్తే కాగితం మీద చీమ తల అంత. ఆ ముసలాయన చేతులు మోకాళ్ల మీద ఆనించుకున్నాడు. తర్వాత, "మంచిది బిడ్డా, చెప్పినవ్. ఇంకోడైతే దాస్తుండె" అన్నాడు. మెచ్చుకున్నాడు. ఆయన లేచి వెళ్లబోతుంటే తనే తలుపు దాకా పోయి, "నేను చెప్పిన అని వానికి అనకు కాకా" అన్నాడు. "అన. నా నోట్లకెల్లి నీ పేరు రాదు." ఆ సాయంత్రం మూట విప్పి ఇద్దరూ రొట్టెలు తిన్నారు. నాయినను ఉండమనకపోతివా అని దత్తు తన మీద కోప్పడి, దొరుకుతాడేమోనని బస్టాపు దాకా పరిగెత్తి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

పదిహేను రోజులకు అమ్మకు బాగలేదని కబురొచ్చింది. పోయిన దత్తు మళ్లీ రాలేదు. వచ్చింది ఒక్కసారే, పెట్టె తీసుకుపోవడానికి. "మా నాయినకు ఎట్లనో తెల్సిందిరా నాటకం సంగతి. సదువు సాలు అన్నడు. మూడు దినాలు బువ్వ తినక కూసున్నడు. ఏం జెయ్యాలె." పుస్తకాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుతూ అన్నాడు. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెబితే వీడు పోడు, ఇద్దరం కలిసి నాగల్‌గిద్దకు పోయి ఆయనతో మాట్లాడదాం, అని లోపల ఎవరో అంటున్నారు. తను పెట్టె ఒక కొస పట్టుకుని రిక్షా దాకా మోశాడు. గది ఖాళీ అయింది. ఇంక ఎవరూ రారా సిద్దూ అని పిలవలేదు. ఆ నిశ్శబ్దంలో బాగా చదివాడు. యూనివర్సిటీ ఫస్ట్ వచ్చాడు. ఆ ప్రొఫెసరు చెయ్యి కలిపి పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు ఎవరిదో అనిపించింది.

అంతటితో అయిపోయి ఉంటే ఏదోలా మోసుకునేవాడు. బోరంచ జాతర గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేడు. పెళ్లయిన కొత్తలో సుమిత్రను తీసుకుని నల్లపోచమ్మ గుడికి పోయాడు. వరసలో ముందున్న ముసలాయన తిరిగి చూసి, నవ్వాడు. "మంచిగున్నవా బిడ్డా. కొలువు దొరికిందట గద." చాలా చిక్కిపోయాడు వీరప్ప. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, ఏదో శుభవార్త చెబుతున్నట్టు, "నీ పేరు చెప్పలె బిడ్డా. మాటిచ్చిన గద" అన్నాడు. కాసేపాగి, "వాడే మాట్లాడతలేడు నాతోని. ఒక్క ఇంట్ల ఉంటం. ఎడ్లు దోలుకొస్త అని గుడ వాళ్లమ్మతోనే చెప్తడు. పాపం కాశమ్మ నా మాట వానికి, వాని మాట నాకు మోస్తది" అన్నాడు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు ఆ మాటలో. కొడుకు మంచి కోసం చేదు మందు పోసిన తండ్రిని అనుకుంటున్నాడు, ఆ మందు సంగతి చెప్పిన మంచివాడు ఇతడని అనుకుంటున్నాడు. సిద్ధేశ్వర్ నోరు తెరిచాడు. "అయితది కాకా, మెల్లగ" అన్నాడు. వరస కదిలింది. కొన్నేళ్లకు స్టాఫ్ రూమ్‌లో ఎవరో నాగల్‌గిద్ద వీరప్ప పోయాడట అన్నారు. పరీక్ష డ్యూటీ ఉందని పోలేదు. డ్యూటీ నిజమే. మార్చుకోమంటే మార్చుకునేవాళ్లు.

"సిద్దూ!"

ఉలిక్కిపడి లేచాడు. దత్తు. జుట్టు సగం నెరిసింది, చొక్కా మీద ఇస్త్రీ మడతలు కొత్తగా ఉన్నాయి, వేళ్ల సందుల్లో మాత్రం మన్ను. వెనక అంకిత, భుజానికి బ్యాగు, చేతిలో ఉచిత టికెట్టు కోసం ఆధార్ కార్డు. ఆమెతో కంగ్టి అమ్మాయి ఒకతె ఉంది, అక్కడే రెండో ఏడు చదువుతోందట, తోడుగా పోతుంది. "నేను పోతలేనురా. ఆ గేటు దాక పోబుద్ధి గాదు" అన్నాడు దత్తు, నవ్వుతూనే. ఏ సబ్జెక్టు తల్లీ అంటే, "హిస్టరీ సార్. నాయినకు చెప్పకుంటనే పెట్టుకున్న" అంది అంకిత. హైదరాబాద్ బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. కిటికీ పక్కన కూర్చున్న ఆమెకు కింద నుంచి తలెత్తి చెప్పడం మొదలుపెట్టాడు, ఏం చెబుతున్నాడో తనకే ముందు తెలియదు. పొద్దున్నే లేచి మెట్ల మీద కూసో, ఎండ రాయి మీదికి దిగేది చూడు. నీది గాని క్లాసుల గుడ కూసో, ఎవ్వరేమనరు. లైబ్రరీల ఎవ్వరు ముట్టని పుస్తకం తియ్. వంట చేసేటాయన పేరు అడుగు. స్టేజీ ఎక్కు, నీ మాటకు నవ్వుతరు, నవ్వనియ్, నీ మాట మార్చకు. ఎవ్వరన్న రమ్మని పిలిస్తే, చదువుకోవాలె అనకు, పో. అంకిత ఒక్కొక్కటీ వింటూ తల ఊపుతోంది. "ఇవన్ని మీరు జేసినరా సార్?"

"లేదమ్మా. ఒక్కటి గుడ చెయ్యలె. మీ నాయిన చేసిండు."

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు. దత్తు సిగ్గుపడి తల పక్కకు తిప్పుకున్నాడు. బస్సు వెనక్కు జరిగి, గుంటల్లో నీళ్లు చిమ్మి, మలుపు తిరిగింది. చెయ్యి ఊపుతూ నిలబడ్డ దత్తు, అది కనబడకుండా పోయాక కూడా కాసేపు ఊపాడు. "గివన్ని నువ్వు యాదికి పెట్టుకున్నవారా? నాకే యాది లేవు." కళ్లు తుడుచుకుని, రారా చాయ్ తాగుదాం అన్నాడు. రారా. ఇరవై ఆరేళ్ల తర్వాత ఆ పిలుపు. సిద్ధేశ్వర్ కదలలేదు.

"దత్తూ. మీ నాయినకు చెప్పింది నేను."

"ఏంది?"

"నాటకం సంగతి. నువ్వు పరీక్షలు రాస్తలేవని చెప్పిన. అబద్ధం చెప్పిన. నువ్వు సంబరంగ ఉంటుంటివి, నేను చూడలేకపోయిన."

దత్తు మొహంలో ముందు ఏమీ మారలేదు. అర్థం కావడానికి లోపల ఎక్కడో చాలా దూరం పోయి రావలసినట్టు నిలబడ్డాడు. చదువు గురించి అడుగుతాడని, తిడతాడని, కొడతాడని ఇన్నేళ్లూ సిద్ధేశ్వర్ ఎన్నో విధాల ఊహించుకున్నాడు. దత్తు అది అడగలేదు. "నీ పేరు చెప్పొద్దన్నవా ఆయినకు?"

"అన్న."

"సచ్చేదాక చెప్పలె." ఆ మాట తనకు తనే అనుకున్నాడు. "పద్నాలుగేండ్లు మాట్లాడలె నేను ఆయినతోని, సిద్దూ."

"తెలుసు. బోరంచల కలిసిండు. చెప్పిండు నాకు."

"తెలుసా?" అప్పుడు చూశాడు దత్తు అతని కళ్లలోకి. ఇంతసేపూ లేనిది ఆ చూపులోకి వచ్చింది. సిద్ధేశ్వర్ దాన్ని తప్పించుకోలేదు. "ఆఖరుకు నీళ్లడిగిండు ఆయిన. అమ్మ పక్కింట్ల ఉండె. నేనే పోసిన. ఒక్క మాట గుడ మాట్లాడకుంటనే పోసిన" అన్నాడు దత్తు. బస్టాండు మైకులో ఎవరో ఏదో బస్సు పేరు చెబుతున్నారు. పక్కనే ఒక తల్లి పిల్లాడికి అరటిపండు ఒలిచి పెడుతోంది. క్షమించమని అడగాలనిపించింది సిద్ధేశ్వర్‌కు. అడిగితే అది కూడా తన కోసమే అవుతుంది.

నాగల్‌గిద్ద బస్సు వచ్చి ఆగింది. దత్తు రెండడుగులు దాని వైపు వేసి, ఆగి, వెనక్కు తిరిగాడు. "నడువు."

"ఎక్కడికి?"

"ఇంటికి. మా అమ్మ ఉన్నది. ఆయిన మాట నాకు, నా మాట ఆయినకు మోసింది ఆమె. మొగడే మొండోడని పద్నాలుగేండ్లు ఆయిననే తిట్టుకుంట బతికింది. నేను చెప్తే నమ్మది. నువ్వే చెప్పాలె."

రెండు గంటలకు క్లాసుంది. ఆ సంగతి నోటి దాకా రాలేదు. వెనకాల ఎక్కాడు. దత్తు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు, పక్క సీటు ఖాళీగానే ఉంది, అందులో కూర్చునే హక్కు తనకుందో లేదో తెలియక సిద్ధేశ్వర్ పై కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఊరు దాటింది బస్సు. రెండు పక్కలా కంది చేలు, వానకు తడిసి నల్లబడ్డ ఎర్రమన్ను. కాశమ్మ ఎలా ఉంటుందో అతను చూడలేదు, వాకిట్లో కూర్చుని ఉంటుందా, చుట్టూ ఎవరైనా ఉంటారా, మాట ఎక్కడ మొదలుపెట్టాలి, అమ్మా అని మొదలుపెట్టాలా, మెల్లగా, ఆమెకు ఒక్కదానికే వినబడేటట్టు, పక్కన కూర్చుని చెప్పాలని మనసులో మాటలు కూర్చుకుంటున్నాడు. చాలాసేపటికి దత్తు తల తిప్పకుండానే అన్నాడు.

"అమ్మకు చెవులు వినబడవు. గట్టిగ చెప్పాలె."